కాన్సులేటు

కాన్సులేటు అనగా ఒక దేశ ప్రభుత్వం మరొక దేశంలోని ప్రధాన నగరంలో, ఆ దేశపు అంగీకారంతో నెలకొల్పే కార్యాలయం. తన పౌరులను ఆదుకోవడం, వాణిజ్యాన్ని ప్రోత్సహించడం, పాస్‌పోర్టులు, వీసాలు మొదలైన పత్రాలను జారీ చేయడం దీని ముఖ్య విధులు. దీని అధిపతిని కాన్సుల్ అంటారు. పెద్ద కార్యాలయమైతే దానిని కాన్సులేట్ జనరల్ అని, అధిపతిని కాన్సుల్ జనరల్ అని వ్యవహరిస్తారు. రాయబార కార్యాలయం సాధారణంగా దేశ రాజధానిలో ఒక్కటే ఉంటుంది. కాన్సులేట్లు మాత్రం ఒకే దేశంలో అనేక నగరాలలో ఉండవచ్చును.

ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో విదేశీ కాన్సులేట్లు లేవు. అయినప్పటికీ ఈ జిల్లాల ప్రజలకు కాన్సులేట్లతో రెండు విధాలుగా పని పడుతుంది. విదేశానికి వెళ్ళదలచిన వారు హైదరాబాదు, చెన్నై వంటి నగరాలలోని విదేశీ కాన్సులేట్ల గడప ఎక్కవలసి ఉంటుంది. వెళ్ళిన తరువాత అక్కడ ఆపద కలిగితే ఆ దేశంలోని భారతీయ కాన్సులేటు వారికి దిక్కు అవుతుంది. మొదటి పని అందరికీ తెలిసినదే. రెండవది తక్కువ మందికి తెలుసు, కాని ప్రాణావసరం. 2018లో పాకిస్తాన్ నిర్బంధించిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఉదంతం ఇందుకు నిదర్శనం. వారిని ఉంచినది కరాచీ జైలులో. ఆ నగరంలో భారత కాన్సులేటు 1994లోనే మూతపడింది.

పేరు, పుట్టుక

కాన్సుల్ అనేది లాటిన్ పదం. ప్రాచీన రోము గణతంత్రంలో ఏడాదికొకసారి ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత పాలకులను ఈ పేరుతో పిలిచేవారు. ఇప్పటి అర్థం మధ్యయుగంలో ఏర్పడింది. వెనిస్, జెనోవా, పీసా వంటి ఇటలీ నగరాల వర్తకులు మధ్యధరా సముద్రపు తూర్పు రేవులలో స్థిరపడినప్పుడు, తమలో తమకు వచ్చే తగవులు తీర్చడానికి, స్థానిక పాలకులతో మాట్లాడడానికి ఒక పెద్దను నియమించుకొనేవారు. అతనికి కాన్సుల్ అనే పేరు స్థిరపడింది. కాబట్టి కాన్సుల్ మొదట రాజుగారి ప్రతినిధి కాదు, వర్తకుల ప్రతినిధి. రాజులు శాశ్వత రాయబారులను పంపుకొనే ఆచారం 15వ శతాబ్దంలో మొదలయినది. అంతకు ఎంతో ముందు నుండే కాన్సుళ్ళు ఉన్నారు.

ఉత్తరాంధ్ర తీరానికి విదేశీ వర్తకులు కొత్త కాదు. భీమునిపట్నంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలోనే వర్తక స్థావరం ఏర్పరచుకొన్నది. 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒడంబడిక ననుసరించి 1825లో ఆ ఊరు ఆంగ్లేయుల వశమైనది. ఇటువంటి స్థావరాలను కాన్సులేట్లుగా పొరబడరాదు. స్థావరంలో గిడ్డంగి, కోట, సైనికులు ఉండేవారు. కాన్సులేటులో బల్ల, ముద్ర, దస్త్రాలు మాత్రమే ఉంటాయి. తుపాకి బలం మీద కాక, ఆతిథ్య దేశపు సమ్మతి మీద ఆధారపడి నడవడమే దాని ప్రత్యేకత.

ఆ సమ్మతి లేకపోతే ఏమవుతుందో తెలిపే తొలి ఉదాహరణలలో ఒకటి భారతదేశంలోనే ఉన్నది. అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1792 నవంబరులో బెంజమిన్ జాయ్ అనే వర్తకుని కలకత్తాకు కాన్సుల్‌గా నియమించాడు. అతడు 1794లో కలకత్తా చేరాడు. అయితే ఈస్టిండియా కంపెనీ అతనిని కాన్సుల్‌గా గుర్తించలేదు. వాణిజ్య ప్రతినిధిగా ఉండడానికి మాత్రం అనుమతించింది.

రాయబార కార్యాలయానికీ కాన్సులేటుకూ భేదం

రాయబారి ఒక ప్రభుత్వం తరఫున మరొక ప్రభుత్వంతో మాట్లాడుతాడు. యుద్ధం, సంధి, ఒప్పందాలు, రాజకీయ సంప్రదింపులు అతని పని. కాన్సుల్ పని ప్రధానంగా మనుషులతో, వారి కాగితాలతో. పుట్టుక, పెళ్ళి, చావు, జైలు, పోగొట్టుకొన్న పాస్‌పోర్టు, ఆగిపోయిన జీతం, రేవులో చిక్కుకొన్న ఓడ, ఇవన్నీ అతని బల్ల మీదికి వస్తాయి. రాయబార కార్యాలయంలో కూడా కాన్సులర్ విభాగం ఉంటుంది. రాజధానికి దూరంగా ఉన్న ప్రాంతాలకు ఆ సేవలు అందించడానికే వేరే నగరాలలో కాన్సులేట్లు పెడతారు.

కామన్వెల్తు దేశాలు ఒకదానికొకటి విదేశాలు కావన్న పాత భావన వల్ల వాటి మధ్య పేర్లు వేరుగా ఉంటాయి. రాయబార కార్యాలయానికి బదులు హైకమిషన్ అని, ఇతర నగరాలలోని కార్యాలయాన్ని చాలాచోట్ల డిప్యూటీ హైకమిషన్ లేదా అసిస్టెంట్ హైకమిషన్ అని అంటారు. హైదరాబాదులో బ్రిటన్ కార్యాలయం పేరు బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్. పని మాత్రం కాన్సులేటు చేసేదే.

జీతం తీసుకోకుండా పనిచేసే గౌరవ కాన్సుళ్ళు కూడా ఉంటారు. ఒక నగరంలో పలుకుబడి గల స్థానిక వ్యాపారినో, వృత్తి నిపుణునో ఒక విదేశం తన గౌరవ కాన్సుల్‌గా నియమించుకొంటుంది. అతడు భారతీయుడే కావచ్చును. వీరి అధికారాలు, రక్షణలు పరిమితం. ప్రాచీన గ్రీకు నగరాలలో ఒక నగర పౌరుడు తన ఊరిలోనే ఉంటూ మరొక నగరవాసుల బాగోగులు చూసే పద్ధతి ఉండేది. గౌరవ కాన్సుల్ పదవికి అది పూర్వరూపం అని చెప్పవచ్చును.

వియన్నా ఒప్పందం

కాన్సులేట్ల వ్యవహారాలను నియంత్రించే అంతర్జాతీయ శాసనం కాన్సులర్ సంబంధాలపై వియన్నా ఒప్పందం. ఇది 1963 ఏప్రిల్ 24న ఆమోదం పొంది, 1967 మార్చి 19 నుండి అమలులోకి వచ్చింది. భారతదేశం 1977లో ఇందులో చేరింది. రాయబారులకు సంబంధించిన వియన్నా ఒప్పందం వేరు. అది 1961 నాటిది.

1963 ఒప్పందం ప్రకారం కాన్సులేటు ఏ నగరంలో ఉండాలి, ఏ స్థాయిలో ఉండాలి, ఏయే ప్రాంతాలు దాని పరిధిలోకి రావాలి అనే విషయాలన్నిటికీ ఆతిథ్య దేశం ఒప్పుకోవాలి. కాన్సుల్‌ను పంపే దేశం అతనికి నియామక పత్రం ఇస్తుంది. ఆతిథ్య దేశం దానిని చూసి పని మొదలుపెట్టడానికి అనుమతి పత్రం ఇస్తుంది. ఈ అనుమతిని ఎగ్జీక్వేటర్ అంటారు. దీనిని నిరాకరిస్తే, అందుకు కారణం చెప్పనవసరం లేదు.

సామాన్యునికి అన్నిటికంటే ముఖ్యమైనది 36వ అధికరణం. విదేశీయుడు ఒకరు అరెస్టయినప్పుడు, తన దేశపు కాన్సులేటుకు తెలియజేయమని కోరే హక్కు అతనికి ఉన్నదని పోలీసులు ఆలస్యం చేయకుండా అతనికి చెప్పాలి. అతడు కోరితే ఆ కబురు పంపాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్ళి అతనిని కలవవచ్చును, మాట్లాడవచ్చును, ఉత్తరాలు నడపవచ్చును, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చును. పత్రికలలో కాన్సులర్ యాక్సెస్ అని రాసేది దీని గురించే. కుల్‌భూషణ్ జాధవ్ కేసులో పాకిస్తాన్ ఈ అధికరణాన్ని ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న తీర్పు చెప్పింది.

37వ అధికరణం సముద్ర తీర వాసులకు ఆసక్తి కలిగించేది. ఒక విదేశీ పౌరుడు మరణించినా, ఒక విదేశీ నౌక తీర జలాలలో పగిలినా, ఒడ్డుకు కొట్టుకువచ్చి కూరుకుపోయినా, స్థానిక అధికారులు సమీపంలోని ఆ దేశపు కాన్సులేటుకు వెంటనే తెలపాలి. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకుల నౌక విశాఖపట్నం తెన్నేటి పార్కు వద్ద ఒడ్డుకు కొట్టుకువచ్చింది. ఆ నౌకను చూడడానికి జనం తండోపతండాలుగా వచ్చారు. అటువంటి నౌక విషయంలో ఎవరికి కబురు చేయాలో ఈ అధికరణం నిర్దేశిస్తుంది.

హైదరాబాదులోని విదేశీ కాన్సులేట్లు

బ్రిటిషు పాలనలో కలకత్తా, బొంబాయి, మద్రాసు ప్రధాన రేవులు. అందువల్ల చాలా విదేశాల కాన్సులేట్లు మొదట ఆ మూడు నగరాలలోనే ఏర్పడినవి. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఉత్తరాంధ్ర సహజంగానే మద్రాసులోని కాన్సులేట్ల పరిధిలోకి వచ్చేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా దశాబ్దాల పాటు ఈ పరిస్థితి మారలేదు. సింగపూరు, మలేషియా వంటి దేశాల కాన్సులేట్లు చెన్నైలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఇరాన్, టర్కీ దేశాల కాన్సులేట్లు ఉన్నాయి. 2023లో సంయుక్త అరబ్ ఎమిరేట్స్ కాన్సులేటు కూడా అక్కడ ప్రారంభమయింది.

తెలుగువారిలో కాన్సులేటు అనగానే గుర్తుకు వచ్చేది మాత్రం అమెరికా కాన్సులేట్ జనరల్. 2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ హైదరాబాదును సందర్శించిన సందర్భంలో దీని స్థాపన ప్రకటించబడింది. 2008 అక్టోబరు 24న బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కార్యాలయం ప్రారంభమయింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను నిర్మించిన సర్ వికార్-ఉల్-ఉమ్రాయే ఈ భవనాన్ని కూడా కట్టించాడు. మొదటి కాన్సుల్ జనరల్ కార్నెలిస్ క్యూర్. 2009 మార్చి నుండి వీసాల పని మొదలయినది. స్వతంత్ర భారతదేశంలో అమెరికా కొత్తగా తెరిచిన మొదటి కాన్సులేటు ఇదే.

2023 మార్చి 20 నుండి ఈ కార్యాలయం నానక్‌రాంగూడలో స్వంతంగా నిర్మించుకొన్న భవనాలలో పనిచేస్తున్నది. దీని నిర్మాణానికి 34 కోట్ల డాలర్లు ఖర్చయినట్లు అమెరికా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిషా రాష్ట్రాలు దీని పరిధిలో ఉన్నాయి. కాన్సులేట్ల పటానికి రాష్ట్రాల సరిహద్దులతో పని ఉన్నా, భాషతో పని లేదు. పాతపట్నం నుండి దరఖాస్తు చేసే తెలుగు విద్యార్థి, పక్కనే ఒడిషాలో ఉన్న పర్లాకిమిడి విద్యార్థి ఒకే కార్యాలయం పరిధిలోని వారే.

ఈ కార్యాలయం రాకతో ఉత్తరాంధ్ర వాసులకు చెన్నై ప్రయాణం తప్పింది గాని ప్రయాణం తప్పలేదు. శ్రీకాకుళం నుండి హైదరాబాదు సుమారు 700 కిలోమీటర్లు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను, అనగా ఆమదాలవలస, నుండి రైలులో ఒక రాత్రి ప్రయాణం. వేలిముద్రలు, ఫొటో ఇచ్చే కేంద్రం కాన్సులేటులో కాక మాదాపూర్ ప్రాంతంలో హైటెక్ సిటీ మెట్రో స్టేషను వద్ద ఉన్నది. ముందు అక్కడికి, తరువాత ఇంటర్వ్యూకు నానక్‌రాంగూడకు వెళ్ళాలి.

వీసా నిర్ణయం

ఉన్నత విద్యకు అమెరికా వెళ్ళే వారిలో తెలుగు రాష్ట్రాల విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్లు ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కించింది. అన్ని దేశాలలోకి ఇదే ఎక్కువ. అందువల్ల వీసా ఇంటర్వ్యూ అనేది తెలుగు ఇళ్ళలో ఒక పెద్ద పరీక్షగా మారింది. హైదరాబాదు దగ్గరలోని చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అని పిలవడం ఈ ఆందోళన నుండి పుట్టినదే.

అమెరికా చట్టంలోని 214(బి) నిబంధన ప్రకారం విద్యార్థి లేదా సందర్శక వీసా కోరే ప్రతి వ్యక్తినీ, అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశం ఉన్నవానిగా ముందే భావిస్తారు. కాదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారునిదే. నేరం రుజువయ్యే వరకు నిర్దోషి అనే కోర్టు న్యాయం ఇక్కడ తిరగబడి ఉంటుంది. ఇంటర్వ్యూ చాలాసార్లు కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ఈ నిబంధన కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్ళీ రుసుము కట్టి కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చును. శాసనసభ్యుని సిఫారసు ఉత్తరం, మంత్రిగారి ఫోను వంటివి ఇక్కడ చెల్లవు. వీసా ఇవ్వడం ఇవ్వకపోవడం ఆ దేశపు సార్వభౌమాధికారం. భారత ప్రభుత్వం కూడా ఫలానా వారికి ఇవ్వమని ఆజ్ఞాపించలేదు. కన్సల్టెన్సీలు, ఏజెంట్లు వీసా గ్యారంటీ అని ప్రకటించుకోవడం ఎందుకు నమ్మదగినది కాదో దీనినిబట్టి తెలుస్తుంది. అంతేకాక, వారు తయారు చేసి ఇచ్చిన దొంగ బ్యాంకు పత్రం బయటపడితే నష్టపోయేది ఏజెంటు కాదు, దరఖాస్తుదారుడు. తప్పుడు సమాచారమిచ్చినట్లు తేలితే శాశ్వతంగా ప్రవేశం నిరాకరించవచ్చును.

అమెరికాలో స్థిర నివాసానికి ఇచ్చే వలస వీసాల ఇంటర్వ్యూలు హైదరాబాదులో జరగవు, ముంబైలో జరుగుతాయి.

వీసాలతో పాటు కాన్సులేటుకు తన సొంత పౌరుల పని కూడా ఉంటుంది. అమెరికాలో పుట్టి అక్కడి పౌరసత్వం గల పిల్లలు సెలవులకు తాతగారి ఊరు వచ్చి పాస్‌పోర్టు పోగొట్టుకొంటే, వారు సంప్రదించవలసినది హైదరాబాదులోని అమెరికా కాన్సులేటునే. తల్లిదండ్రులు తెలుగువారైనంత మాత్రాన విశాఖపట్నం పాస్‌పోర్టు కార్యాలయం ఆ పాస్‌పోర్టు ఇవ్వజాలదు. విద్యా సాంస్కృతిక సంబంధాలు కూడా కాన్సులేటు పనిలో భాగం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2021 సెప్టెంబరులో ప్రారంభమైన అమెరికన్ కార్నర్ అటువంటిది. విద్యార్థులకు సమాచారం, శిక్షణ ఇచ్చే కేంద్రం ఇది. ఇక్కడ వీసాలు ఇవ్వరు.

రక్షణలు, వాటి హద్దులు

కాన్సులేటు ప్రాంగణం విదేశీ భూభాగం అనే అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉన్నది. ఇది సరి కాదు. నానక్‌రాంగూడలోని స్థలం భారతదేశపు నేలే, అక్కడ భారత చట్టాలే వర్తిస్తాయి. అయితే కార్యాలయపు పనికి వాడే భాగంలోకి కాన్సుల్ అనుమతి లేకుండా స్థానిక పోలీసులు ప్రవేశించరాదు. అగ్నిప్రమాదం వంటి ఆపదలో మాత్రం అనుమతి ఉన్నట్లే భావిస్తారు. దస్త్రాలను ఎక్కడున్నా, ఎప్పుడైనా తాకరాదు.

కాన్సులర్ అధికారికి ఉండే రక్షణ రాయబారికి ఉండే దానికంటే తక్కువ. అధికార విధులలో చేసిన పనులకు మాత్రమే అతనిపై విచారణ ఉండదు. స్వంత వ్యవహారాలకు ఆ మినహాయింపు లేదు. తీవ్రమైన నేరమైతే న్యాయాధికారి ఉత్తర్వుతో అరెస్టు కూడా చేయవచ్చును. 2013 డిసెంబరులో న్యూయార్కులోని భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడే, తన ఇంటి పనిమనిషి వీసాకు సంబంధించిన ఆరోపణలపై అరెస్టయినప్పుడు ఈ భేదం పత్రికల మొదటి పుటలకెక్కింది. తరువాత భారత ప్రభుత్వం ఆమెను ఐక్యరాజ్యసమితిలోని తన బృందానికి బదిలీ చేసింది. ఆ పదవికి పూర్తి దౌత్య రక్షణ ఉండడమే అందుకు కారణం.

విదేశాలలో ఉత్తరాంధ్ర వాసులు

ఉత్తరాంధ్రలో సముద్రం దాటి పనికి పోవడం పాత అలవాటు. బర్మాలోని రంగూన్ నగరాన్ని ఇక్కడి వారు రంగం అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి వేలాది మంది అక్కడి బియ్యం మిల్లులకు, రేవు పనికి వెళ్ళారు. అప్పుడు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగం. కాబట్టి పాస్‌పోర్టు, వీసా, కాన్సులేటు అనే ప్రశ్న లేదు. 1937లో బర్మాను ఇండియా నుండి వేరు చేశారు. 1942లో జపాను దాడి సమయంలో లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి రావలసివచ్చింది. 1960 దశకంలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరొకసారి వేలాది కుటుంబాలు ఓడలలో తిరిగివచ్చాయి. ఈసారి వారు విదేశంలోని భారతీయులు. పౌరసత్వ పత్రాలు, ప్రయాణ పత్రాలు కావలసివచ్చినవి. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ తిరిగిరాక గుర్తు.

నేటి రంగం గల్ఫ్ దేశాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుండి వెల్డర్లు, ఫిట్టర్లు, నిర్మాణ కూలీలు గల్ఫ్‌కు, సింగపూరుకు, మలేషియాకు వెళ్తుంటారు. దుబాయి, జెద్దా నగరాలలో భారత కాన్సులేట్లు, మిగిలిన గల్ఫ్ రాజధానులలో రాయబార కార్యాలయాలు ఉన్నాయి. యజమాని జీతం ఎగవేయడం, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం, ఏజెంటు చెప్పిన పని ఒకటి అక్కడ చేయించే పని మరొకటి కావడం ఇక్కడికి వచ్చే నిత్య ఫిర్యాదులు. వీటిని నమోదు చేయడానికి భారత విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే వెబ్‌సైటును ప్రారంభించింది. చేతిలో డబ్బు లేని వారి టిక్కెట్టు, తాత్కాలిక వసతి, న్యాయ సహాయం, మృతదేహం తరలింపు వంటి ఖర్చులకు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధిని కాన్సులేట్లు వాడతాయి.

పనికి వెళ్ళిన వ్యక్తి అక్కడ మరణించినప్పుడు కాన్సులేటు పని ఎంత అవసరమో తెలుస్తుంది. ఆసుపత్రి నివేదిక, స్థానిక మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, ఊరిలోని వారసులు రాసి ఇచ్చే అధికార పత్రం, యజమాని చెల్లించవలసిన బకాయిల లెక్క, ఇవన్నీ కూడితే గాని దేహం విమానం ఎక్కదు. కాన్సులేటు మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టును రద్దు చేసి, నిరభ్యంతర పత్రం ఇస్తుంది. ఒక్క కాగితం ఆలస్యమైనా ఇంటివారు రోజుల తరబడి ఎదురుచూడవలసిందే. వెళ్ళే ముందే పాస్‌పోర్టు నకలును, ఒప్పంద పత్రం నకలును, యజమాని చిరునామాను ఇంటి వద్ద ఉంచి వెళ్ళమని అధికారులు చెప్పేది ఇందుకే.

ఇటీవల కొత్త తరహా మోసం ఒకటి బయటపడింది. కంప్యూటర్ ఉద్యోగాల పేరుతో ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ నేరాలు చేయించిన ముఠాల వ్యవహారాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు వెలికితీశారు. ఫ్నోంపెన్‌లోని భారత రాయబార కార్యాలయం అనేకమందిని విడిపించి వెనుకకు పంపింది. విద్యార్థులకు కూడా ఇటువంటి అవసరం వస్తుంది. 2019 జనవరిలో అమెరికా అధికారులు వల పన్నడానికి తామే నడిపిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలో తెలుగువారు ఎక్కువ. భారత కార్యాలయాలు వారిని కలిసే అవకాశం కోరి, కుటుంబాల కోసం ప్రత్యేక టెలిఫోను ఏర్పాటు చేశాయి.

కరాచీ: కాన్సులేటు లేని నగరం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలో పెద్ద మరపడవలు నిలిపే రేవులు లేకపోవడం వలన ఇక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి బోట్లలో కూలికి వేట చేస్తారు. నెలల తరబడి ఇల్లు వదిలి ఉంటారు. బోటు నాయకుని తండేలు అంటారు. సముద్రంలో సరిహద్దు గీత కనబడదు. 2018 నవంబరు చివర గుజరాత్ తీరానికి ఆవల వేటలో ఉన్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను, తమ జలాలలోకి వచ్చారంటూ పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం నిర్బంధించింది. వారిలో ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వంటి గ్రామాల వారు ఉన్నారు. వారిని కరాచీ జైలులో ఉంచారు.

కరాచీలో భారత కాన్సులేట్ జనరల్ ఉండేది. 1994లో పాకిస్తాన్ ప్రభుత్వం దానిని మూయించింది. ముంబైలో పాకిస్తాన్ కాన్సులేటు కూడా లేదు. అక్కడి జిన్నా హౌస్‌ను అందుకోసం ఇవ్వమని పాకిస్తాన్ చాలాకాలం అడిగింది. రెండు కాన్సులేట్లను తిరిగి తెరవాలన్న మాట ఎన్నోసార్లు వచ్చినా కార్యరూపం దాల్చలేదు. ఫలితంగా కరాచీ జైలులోని భారతీయుని కలవాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇస్లామాబాదు హైకమిషన్ నుండి అధికారులు రావాలి. అందుకు పాకిస్తాన్ ప్రతిసారీ అనుమతించాలి. బంగ్లాదేశ్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ భారతదేశం ఢాకా హైకమిషన్‌తో పాటు చిట్టగాంగ్, రాజ్‌షాహి, ఖుల్నా, సిల్హెట్ నగరాలలో అసిస్టెంట్ హైకమిషన్లను నెలకొల్పింది. బంగాళాఖాతంలో దారితప్పి ఆ దేశపు జైళ్ళకు చేరిన ఉత్తరాంధ్ర మత్స్యకారులకు కాన్సులర్ అధికారి కనీసం తీర ప్రాంతంలోనే ఉంటాడు.

2008 మే 21న భారత్, పాకిస్తాన్ కాన్సులర్ సంప్రదింపులపై ఒక ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలోని రెండవ దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలలలోగా కాన్సులర్ అధికారిని కలవనివ్వాలి. జాతీయత నిర్ధారణ అయి, శిక్ష పూర్తయిన నెల రోజులలోగా విడుదల చేయాలి.

జాతీయత నిర్ధారణ అనే ఈ చిన్న మాట వెనుక చాలా పని ఉన్నది. వేటకు వెళ్ళేవారి వద్ద పాస్‌పోర్టు ఉండదు. కాన్సులర్ అధికారి జైలులో మనిషిని కలిసి పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం రాసుకొంటాడు. ఆ వివరాలు ఢిల్లీకి, అక్కడి నుండి రాష్ట్రానికి, జిల్లాకు, చివరకు ఊరి పోలీసు స్టేషనుకు చేరుతాయి. ఇరుగుపొరుగు వారు ఫలానావాడు మావాడే అని చెప్పిన మాట అదే దారిలో వెనుకకు పోవాలి. మత్స్యలేశం పేరు ఎక్కడో ఒకచోట తప్పుగా రాస్తే ఆ కాగితం మళ్ళీ మొదటికి వస్తుంది. అన్నీ సరిపోయిన తరువాత హైకమిషన్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనే ఒకవైపు ప్రయాణ పత్రం ఇస్తుంది. దానితోనే సరిహద్దు దాటాలి.

2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీరు ప్రత్యేక ప్రతిపత్తి రద్దు తరువాత పాకిస్తాన్ భారత హైకమిషనర్‌ను వెళ్ళిపొమ్మన్నది. హైకమిషనర్ లేకపోయినా కాన్సులర్ పని ఆగలేదు. 2020 జనవరి 6న 20 మంది ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులను వాఘా సరిహద్దు వద్ద అప్పగించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారే అధికులు. వారు పదమూడు నెలలకు పైగా నిర్బంధంలో గడిపారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల ఆర్థిక సహాయం అందించింది. ఈ ఉదంతం ఆధారంగా చందు మొండేటి దర్శకత్వంలో నాగచైతన్య, సాయిపల్లవి నటించిన తండేల్ చలనచిత్రం 2025 ఫిబ్రవరి 7న విడుదలయినది.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తరువాత రెండు దేశాలూ ఒకదానిలో ఒకటి ఉంచే హైకమిషన్ సిబ్బంది సంఖ్యను 55 నుండి 30కి కుదించాయి. జైళ్ళకు వెళ్ళి ఖైదీలను కలవవలసిన అధికారులు కూడా ఆ 30 మందిలోని వారే. అయినా ఆ సంవత్సరం జూలై 1న జాబితాల మార్పిడి యథాప్రకారం జరిగింది. భారతీయులుగా భావిస్తున్న 193 మంది మత్స్యకారులు తమ నిర్బంధంలో ఉన్నట్లు పాకిస్తాన్ అందులో తెలిపింది.